చుక్క వెనుకనున్న లెక్క

(కె.కోటపాడులో పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సభ్యుల సమావేశమునకు వచ్చి బడిలోని భాగహారమును గూర్చి మాటలాడుట యేమని మీలో కొందరికి తోచవచ్చును. మంచినీటి కుళాయిలు, వీధి దీపములు, మురుగు కాలువలు, ఇవి గదా పంచాయతీ పనులు! నిజమే. కాని గత మాసమున ఈ ప్రాంతములోని పాఠశాల నొకదానిని చూడబోయినపుడు జరిగిన ఒక చిన్న సంగతి మమ్ము ఇంతవరకు విడువలేదు. దానిని ముందుగా మనవి చేసెదము.

ఏడవ తరగతి పిల్లలకు మేమొక లెక్క నిచ్చితిమి. ఒక రైతు 0.40 ఎకరములో, అనగా నలుబది సెంట్లలో, చెరకు వేసెను. కోసి తూచగా 12.8 టన్నులు తూగెను. అదే తీరున ఎకరమంతయు పండియుండినచో ఎన్ని టన్నులు వచ్చెడిది? అనకాపల్లి బెల్లము పేరు వినుచు పెరిగిన పిల్లలకు ఈ లెక్కలోని మాటలలో తెలియనిది లేదు. 12.8ని 0.40 చేత భాగింపవలెనని చాలమంది సరిగానే గ్రహించిరి. కాని పెక్కు పుస్తకములలో జవాబు 3.2 అని వచ్చినది. "నలుబది సెంట్లలోనే పండ్రెండు టన్నులు దాటినపుడు ఎకరములో మూడు టన్నులేనా?" అని అడిగితిమి. ముందు బల్లమీద కూర్చున్న బాలిక యొకతె లేచి, "భాగిస్తే తగ్గాలి కదండీ!" అనినది.

ఆ బిడ్డ తెలివితక్కువది కాదు. అంతవరకు ఆమె చేసిన భాగహారము లన్నింటిలోను జవాబు తగ్గుచునే వచ్చినది. పండ్రెండు లడ్డూలను నలుగురికి పంచిన మూడేసి. ఇరువది రూపాయలను అయిదుగురికి పంచిన నాలుగేసి. పంచుట యనగా తగ్గుట యని అనుభవమే ఆమెకు నేర్పినది. 0.40 చేత భాగించుటలో పంచుకొను మనుష్యులు లేరు. పాయింటు నలుగురికి లడ్డూలు ఎట్లు పంచెదము? ఇచట భాగహారము వేరొక ప్రశ్న వేయుచున్నది. ఆ ప్రశ్నను ఆమెకు ఎవ్వరును కంటికి కన్పించునట్లు చూపలేదు. అంతియే లోపము.

ఆమెను తప్పుపట్టుటకు మాకు నోరు రాలేదు. "క్రింది సంఖ్యలో చుక్క ఎన్ని స్థానములు జరుగునో, పై సంఖ్యలోను అన్ని స్థానములు జరుపుము" అను సూత్రమును మేమును ఆ వయసులో కంఠస్థము చేసినవారమే. ఎందుకు జరుపవలెనో మాకెవ్వరును చెప్పలేదు, మేమును అడుగలేదు. మార్కులు వచ్చినవి, డిగ్రీయు వచ్చినది. ఉద్యోగములో చేరిన కొన్ని సంవత్సరములకు ఒక బిల్లులో చుక్క ఒక స్థానము జరిగి పదిరెట్ల మొత్తము పడగా, మేము దానిని చూచియు చూడక సంతకము చేసి పంపితిమి. పైవారు పట్టుకొనిరి గనుక సరిపోయినది. ఆనాడు పడిన సిగ్గే నేటి మా ప్రసంగమునకు మూలమని చెప్పిన తప్పు లేదు.

మన తాతలకు ఈ చుక్కతో పని లేకుండెను. వారివి అర, పాతిక, పరక, వీసము. సగములో సగము పాతిక. పాతికలో సగము పరక. పరకలో సగము వీసము. రూపాయికి పదునారణాలు గనుక రూపాయిలో వీసమే అణా. కొలతలలో పెక్కు సగము, సగములో సగము అను దారిలో నడచినవి. పదునొకండవ శతాబ్దమున పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెలుగు పద్యములలోనికి తెచ్చిన నాటినుండియు మన భాషలో భిన్నముల లెక్కకు కొదువ లేదు. ఎక్కములు వల్లించిన ముసలివారు కాగితము లేకయే వడ్డీ కట్టెడివారు. కాని ఆ లెక్క వేరు, పదులలో సాగు ఈ లెక్క వేరు.

1957 ఏప్రిల్ 1న మన రూపాయి నూరు నయాపైసలైనది. అంతకు ముందు రూపాయికి పదునారు అణాలు, అరువదినాలుగు పైసలు, నూటతొంబదిరెండు పైలు. క్రొత్త లెక్కలో అణాకు ఎన్ని నయాపైసలు? నూరును పదునారు చేత భాగింపగా 6.25 వచ్చును. పావు నయాపైసకు నాణెము లేదు. అందుచేత మార్పిడి పట్టికలో అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, నాలుగణాలకు 25 అని వేసిరి. ఆరు మూడ్లు పదునెనిమిది గదా, పందొమ్మిది యెట్లైనదని సంతలో ఎవ్వరైన అడిగినచో, 6.25 మూడుసార్లు 18.75 యగునని, అది పందొమ్మిదికి దగ్గరయని చెప్పగలవాడు కావలెను. ఆ తరువాత 1958 అక్టోబరు నుండి వీశెలు, మణుగులు క్రమక్రమముగా తొలగి కిలోగ్రాములు వచ్చినవి. 1964 జూన్ 1న 'నయా' అను మాట జారిపోయి ఉత్త పైస మిగిలినది.

ఆ మార్పు వలన పిల్లలకు గొప్ప మేలు కలిగినది. దశాంశము వారి జేబులోనికి వచ్చినది. రూపాయిన్నరలో పావలాలు ఎన్ని యని అడిగినచో మా చిన్ననాడు రెండవ తరగతి పిల్లవాడును ఆరని చెప్పెడివాడు. 1.50ని 0.25 చేత భాగించుచున్నానని వానికి తెలియదు. కాని చేయుచున్నది అదియే. జవాబు పెద్దదైనదని వాడు ఆశ్చర్యపడలేదు. నాణెములు చేతిలోనున్నవి గదా!

2011 జూన్ 30తో పావలాయు అంతకు చిన్న నాణెములును చెల్లుబాటు కోల్పోయినవి. అర్ధరూపాయి చట్టము ప్రకారము చెల్లునే గాని దుకాణములో దానిని చూచిన పిల్లలు అరుదు. ఇప్పుడు ఫోనుతోనే చెల్లింపులు. కాటాపై బెల్లపు దిమ్మ పెట్టిన 12.450 అని ఎఱ్ఱని అంకెలు వెలుగును. పాలకేంద్రములో వెన్నశాతము 6.5 అని వచ్చును. పెట్రోలు బంకులో అంకెలు కంటికి ఆనక పరుగెత్తును. చౌకధరల దుకాణమున, కరెంటు మీటరులో, జ్వరము చూచు పరికరములో, అంతట చుక్కయే. నేటి పిల్లవానికి దశాంశము కన్పించు చోటులు పెరిగినవి. అది వస్తువై చేతికి తగులు చోటులు తగ్గినవి. చుక్కకు కుడిప్రక్కనున్న 4 ఎంత, 5 ఎంత, చివరి సున్న యెందులకు అని అడిగిన తెర చెప్పదు. జేబులోనుండి పోయిన ఆ పావలాను బడి మరల చేతికి ఈయవలసియున్నది. ఇది కష్టమైన పని కాదు, ఖర్చుతో కూడినదియు కాదు.

ఈ వరండాలో మీరు కూర్చున్న చోటికి కుడివైపున సుద్దముక్కతో గీసిన చదరమును చూడుడు. పొడవు ఒక మీటరు, వెడల్పు ఒక మీటరు. అడ్డముగా పది భాగములు, నిలువుగా పది భాగములు చేసినాము. నూరు గళ్ళు వచ్చినవి. మొత్తము పలక ఒకటి. ఒక నిలువు వరుస పదోవంతు, 0.1. ఒక గడి నూరోవంతు, 0.01. దీనిని ఎకరమనుకొన్నచో గడి సెంటు. రూపాయి యనుకొన్నచో గడి పైస. లీటరనుకొన్నచో గడి పది మిల్లీలీటర్లు. పేరు మారినను పలక మారదు. గళ్ళలో పెట్టుటకు చింతగింజలు చాలును. నిలువు వరుసకు గుర్తుగా మీటరు పొడవైన వెదురుబద్ద చాలును.

మొదట తేలికైనది, పంపకము. తండ్రి పేర నున్న 0.84 ఎకరమును ముగ్గురు బిడ్డలు సమముగా పంచుకొనవలెను. పలకమీద ఎనిమిది నిలువు వరుసలు, నాలుగు విడిగళ్ళు గింజలతో నింపుదము. ముందు వరుసలను పంచుడు. తలకు రెండేసి వచ్చును. రెండు వరుసలు మిగులును. ఆ రెండింటిని ముగ్గురికి అట్లే పంచలేము. విడగొట్టుదము. రెండు వరుసలు ఇరువది గళ్ళు. ముందున్న నాలుగింటితో కలిసి ఇరువదినాలుగు. తలకు ఎనిమిది. కాబట్టి ఒక్కొక్కరికి రెండు వరుసలు, ఎనిమిది గళ్ళు, అనగా 0.28 ఎకరము, ఇరువదియెనిమిది సెంట్లు.

ఇందులో విశేషమేమి? కాగితముపై భాగహారము చేయునపుడు "రెండు మిగిలినది, నాలుగు దింపుము, ఇరువదినాలుగు" అందుము. ఆ 'దింపుట' యేమిటో ఎన్ని తరములు తెలియకయే దింపినవి! పలకమీద అది కంటికి కన్పించును. మిగిలిన పెద్ద ముక్కలను చిన్నముక్కలుగా విడగొట్టి, ప్రక్కనున్న చిన్నముక్కలతో కలుపుటయే దింపుట. ఒక్కసారి గింజలతో చేసిన పిల్లవాడు దీనిని మరువడు.

భూమి మాట వచ్చినది గనుక ఒక ప్రక్కమాట చెప్పి ముందుకు పోవుదము. రెండెకరముల అయిదు సెంట్లను ఎట్లు వ్రాయవలెను? 2.05 అని. దానిని 2.5 అని వ్రాసినవారిని మేము చూచినాము. అయిదు గదా, అయిదు వేసితిమి అందురు. పలకమీద పరచి చూడుడు. 2.05 అనగా రెండు నిండు పలకలు, అయిదు విడిగళ్ళు. 2.5 అనగా రెండు నిండు పలకలు, అయిదు నిలువు వరుసలు. తేడా నలుబదియైదు గళ్ళు. సెంటుకు 48.4 చదరపు గజములు గనుక ఆ తేడా 2178 చదరపు గజముల నేల. ఒక సున్న వ్రాయనందున ఇంత! పట్టాదారు పాసుపుస్తకము చేతికి వచ్చిననాడు విస్తీర్ణపు గడిలోని చుక్కను, దాని ప్రక్కనున్న సున్నను చూడగలుగుటకు చట్టము చదువనక్కరలేదు, ఈ పలక చూచియుండిన చాలును.

ఇక రెండవ తీరు. ఒకటిన్నర లీటరు నూనె యున్నది. పావు లీటరు సీసాలలో పోయవలెను. ఎన్ని సీసాలు? 1.5ని 0.25 చేత భాగించుట. ఇచట ఎవ్వరికిని పంచుట లేదు. "ఒకటిన్నరలో పావు ఎన్నిసార్లు ఇమిడియున్నది?" అని అడుగుచున్నాము. ఒక నిండు పలక, మరియొక పలకలో సగము తీసికొనుడు. పావు అనగా ఇరువదియైదు గళ్ళు. నిండు పలకలో అట్టివి నాలుగు, సగము పలకలో రెండు. మొత్తము ఆరు. ఒకటిన్నర కంటె ఆరు పెద్దది. కొలపాత్ర ఒకటి కంటె చిన్నదైనపుడు ఎక్కువసార్లు ముంచవలసివచ్చును గదా! "భాగిస్తే తగ్గాలి" అనిన బాలికకు చూపవలసినది ఇది. పంచుకొనువారి సంఖ్య ఒకటి కంటె ఎక్కువైన భాగము తగ్గును. కొలిచెడు పాత్ర ఒకటి కంటె చిన్నదైన కొలతల సంఖ్య పెరుగును. రెండును భాగహారములే. బడులలో మొదటిదానిని చాల చూపుదురు, రెండవదానిని చాల తక్కువగా చూపుదురు అని మా అభిప్రాయము.

మరి చుక్క ఎందులకు జరుపుట? ఒకటిన్నర పలకను గళ్ళలో చెప్పిన 150 గళ్ళు. పావు పలకను గళ్ళలో చెప్పిన 25 గళ్ళు. 150 గళ్ళలో 25 గళ్ళు ఎన్నిసార్లు? ఆరు. పలకలలో చెప్పినను గళ్ళలో చెప్పినను వస్తువు ఒక్కటే గనుక జవాబు మారదు. 1.5, 0.25 లలో చుక్కను రెండేసి స్థానములు జరుపగా వచ్చినవే 150, 25. రెండింటిని ఒకే కొలతలోనికి మార్చుటయే చుక్కను జరుపుట. ఒకదానిని మాత్రము జరిపి రెండవదానిని జరుపనిచో, ఒకరికి గళ్ళలోను మరియొకరికి పలకలలోను లెక్క చెప్పినట్లగును. అది లెక్క కాదు, మోసము.

ఇప్పుడు మన చెరకు రైతునొద్దకు పోవుదము. నలుబది సెంట్లకు 12.8 టన్నులు. పలకను ఎకరమనుకొని నాలుగు నిలువు వరుసలు నింపుడు. ఈ నాలుగు వరుసలలో పండినది 12.8 టన్నులు. ఒక్క వరుసలో ఎంత? 12.8ని నాలుగు చేత భాగింపగా 3.2 టన్నులు. పలకలో వరుసలు పది. కాబట్టి ఎకరమునకు ముప్పదిరెండు టన్నులు.

ఆ బాలిక వ్రాసిన 3.2 ఎక్కడనుండి వచ్చినదో చూచితిరా? అది వట్టి తప్పు కాదు. అది ఒక వరుస పంట, పది సెంట్ల పంట. ఆమె దారిలో సగము నడచి ఆగినది. మేము బడిలో ఈ పలకను నల్లబల్లపై గీచి, "నీవు చెప్పిన మూడు పాయింటు రెండు ఇందులో ఎక్కడ నున్నది?" అని అడిగినపుడు ఆమె వచ్చి ఒక్క నిలువు వరుసపై వ్రేలుంచినది. కొంతసేపు నిలుచుండి, "ఇంకా తొమ్మిది వరుసలున్నాయండీ" అనినది. తరువాత మేము చెప్పవలసినది ఏమియు మిగులలేదు. ఎఱ్ఱసిరాతో కొట్టివేసినచో ఆ 3.2 ఎన్నడును తన యర్థమును చెప్పియుండెడిది కాదు. ఉపాధ్యాయ మిత్రులకు మా విన్నపమొకటి. లెక్క మొదలిడక ముందే "జవాబు 12.8 కంటె పెద్దదగునా, చిన్నదగునా?" అని అడుగుడు. ఎకరము నలుబది సెంట్ల కంటె పెద్దది గనుక పంటయు పెద్దదే కావలెనని పిల్లలు తామే చెప్పుదురు. ఆ మాట చెప్పిన పిదప 3.2 వ్రాయుటకు వారి చేయి రాదు.

పలక యొక్కటియే అన్నిటికిని చాలదు. పొడవుల లెక్కకు గోడమీద గీత మేలు. గోడకు రెండు మీటర్ల గీత గీసి, సెంటీమీటరు గుర్తులు పెట్టుడు. పాఠ్యపుస్తకములలో దీనినే సంఖ్యారేఖ యందురు. దరజీవాని టేపు అని చెప్పిన పిల్లలకు మరింత చప్పున తెలియును. రెండు మీటర్ల గుడ్డలో 0.3 మీటరు ముక్కలు ఎన్ని? ముప్పదేసి సెంటీమీటర్లు గెంతుచు పోయిన ఆరు గెంతులకు 1.8 చేరుదుము. ఇంక 0.2 మిగులును. ఇచట చాలమంది పిల్లలు, పెద్దలును, "6.2" అని వ్రాయుదురు. ఇది మెత్తని తప్పు, త్వరగా పట్టుబడదు. మిగిలిన 0.2 మీటర్ల లెక్కలోనిది. ముందున్న 6 ముక్కల లెక్కలోనిది. రెండింటిని ఒక్కచుక్కతో కలుపరాదు. మిగిలిన ఇరువది సెంటీమీటర్లు ముప్పది సెంటీమీటర్ల ముక్కలో ఎంత? మూడింట రెండు వంతులు. కాబట్టి జవాబు ఆరును మూడింట రెండును, దశాంశములో 6.66 అని తెగక సాగును. దరజీ మాత్రము ఆరు ముక్కలని చెప్పి, మిగిలిన గుడ్డను జేబుకు వాడుకొనును. వాని జవాబును సరియైనదే. ప్రశ్న యెవరిదో తెలిసిననే గాని జవాబు ఎట్లు చెప్పవలెనో తెలియదు.

ఇంతవరకు పిల్లల మాట. ఇప్పుడు మీ మాట. పంచాయతీలో సిమెంటు రోడ్డు వేసిరి. కొలతల పుస్తకములో కాంక్రీటు 20.475 ఘనపు మీటర్లని యున్నది. వెడల్పు 3 మీటర్లు, మందము 0.15 మీటరు. అయినచో రోడ్డు ఎంత పొడవుండవలెను? మూడును 0.15 చేత హెచ్చింపగా 0.45. అనగా ఒక్కొక్క మీటరు పొడవునకు 0.45 ఘనపు మీటరు కాంక్రీటు పట్టును. 20.475లో 0.45 ఎన్నిసార్లు ఇమిడియున్నదో చూడవలెను. దీనిని చింతగింజలతో పరచుట కష్టమే. కాని పలక అలవాటైన కన్ను ఇట్లు చూచును: 0.45 సగమునకు కొంచెము తక్కువ. ఇరువదిలో సగములు నలుబది. కొలపాత్ర సగము కంటె చిన్నది గనుక నలుబది కంటె కొంత ఎక్కువసార్లు పట్టవలెను. లెక్క కట్టిన 45.5 మీటర్లు వచ్చును. ఎవ్వరైన 4.55 అనినను 455 అనినను కాగితము చూడకయే తల అడ్డముగా ఊపగలరు. ఇక టేపు పట్టుకొని పోయి రోడ్డును కొలుచుకొనవచ్చును. ఇంజనీరుగారిని అనుమానింపుమని మా భావము కాదు. చేవ్రాలు చేయువారికి తాము దేనిపై చేవ్రాలు చేయుచున్నారో తెలిసియుండుట ఉభయులకును మంచిది. మా యనుభవము ఇదివరకే చెప్పితిమి.

పటములతో లెక్క నేర్పుట నేటి వింతయు కాదు, పరాయి వింతయు కాదు. బెల్జియము దేశమున జార్జి క్విజెనేరు అను బడిపంతులు ఒకటి మొదలు పది సెంటీమీటర్ల వరకు పొడవు గల రంగు కఱ్ఱముక్కలతో పిల్లలకు అంకగణితము నేర్పి, 1952లో ఆ పద్ధతిని గూర్చి పుస్తకము ప్రకటించెను. పిదప ఆ ముక్కలు ఎన్నో దేశముల బడులకు చేరినవి. మనకు కఱ్ఱముక్కలు కొననక్కరలేదు. కొబ్బరి ఈనెలను కొలిచి విరిచిన చాలును. అంతకు చాల పూర్వము, 1585లో, నెదర్లాండ్సు ప్రాంతమున సైమన్ స్టెవిన్ అను నాతడు దశాంశములపై ఒక చిన్నపుస్తకము వ్రాసెను. అది పండితులకు మాత్రమే యుద్దేశించినది కాదు. భూమి కొలుచువారికి, గుడ్డలు కొలుచువారికి, పీపాలలోని ద్రవమును కొలుచువారికి వ్రాసినది. ప్రభుత్వములు నాణెములను, కొలతలను దశాంశములలోనికి మార్చవలెనని ఆతడు అందులోనే కోరెను. మన దేశమున అది 1957లో నాణెములతో మొదలైనది. కొలుచువాని చేతిలో పుట్టి పెరిగిన లెక్క బడికి వచ్చునప్పటికి చుక్క జరుపు సూత్రముగా మాత్రము మిగులుట విచారకరము.

పలకకును హద్దున్నది. 7.385ని 0.47 చేత భాగింపుమనిన గళ్ళు నింపుచు కూర్చొనరాదు. అప్పుడు సూత్రమే శరణ్యము. పరీక్షలో కాలమును తక్కువ. పటములతో కాలము వృథాయగుచున్నదని కొందరు తల్లిదండ్రులు అనుచున్నట్లు ఉపాధ్యాయులు మాతో చెప్పిరి. వారి యాందోళన అర్థము లేనిది కాదు. నాలుగైదు దినములు పలకతో గడపి, పిదప సూత్రమునకు పోవుటయే మేము కోరునది. ఎల్లకాలము గింజలతో ఆడుట మా యుద్దేశము కాదు. అట్లే గింజలను ముట్టకయే సూత్రము చెప్పి పంపుటయు తగదు. పటము, సూత్రము పక్కపక్కన వ్రాయించుట మంచిది. ఎడమచేతివైపు గళ్ళు, కుడిచేతివైపు అంకెలు. ఏ గడి ఏ అంకెయో పిల్లవాడు వ్రేలితో చూపగలుగువరకు అట్లు చేయింపవలెను.

ఇందులో పంచాయతీ చేయగల పని యేమి? 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చినది. దానితో చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములు చెప్పబడినవి. పదునేడవ అంశము ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతో కూడిన విద్య. పాఠము చెప్పుట ఉపాధ్యాయుల పని. అందులో మనము చేయి పెట్టరాదు. పాఠము చెప్పుటకు కావలసిన నేలను, గోడను సిద్ధము చేయుట మాత్రము మన చేతిలోనిదే. వరండా గచ్చుమీద ఇటువంటి పలకలు రెండు, ప్రక్కప్రక్కన, చెరగని రంగుతో గీయించుడు. రెండెందుకనగా, ఒకటి కంటె పెద్ద సంఖ్యలు పరచుటకు ఒకటి చాలదు. రంగు జారుడుగా నుండరాదు. వానకాలమున పిల్లలు పడుదురు. పదోవంతు గీతలు లావుగా, నూరోవంతు గీతలు సన్నముగా నుండవలెను. గోడమీద రెండు మీటర్ల గీత పిల్లల కంటి యెత్తున నుండవలెనే గాని పెద్దల కంటి యెత్తున కాదు. వీధుల పేర్లు వ్రాయు పెయింటరు ఈ పనిని ఒక్కపూటలో ముగింపగలడు. గీతలు కొలిచి గీయునపుడు ఏడవ తరగతి పిల్లలను ప్రక్కన నిలుపుడు. ఒక మీటరును పది భాగములు చేయుట యన్నదే వారికి మొదటి పాఠమగును.

దుకాణము నడుపు సభ్యులకును, పాలకేంద్రము చూచు సభ్యులకును మరియొక మనవి. నెలకొక దినమున పిల్లలను నలుగురైదుగురిని రానిచ్చి, కాటాపై వస్తువునుంచి, తెరపైని అంకెలను చదివింపుడు. 0.250 అని వచ్చినపుడు ఇటువంటివి ఎన్ని పెట్టిన 1.000 వచ్చునో ముందు చెప్పించి, తరువాత పెట్టి చూపుడు. తెరమీది చుక్కకు వెనుక బెల్లపు ముక్క యున్నదని అప్పుడు వారికి తెలియును.

మా మాటలు ఇంతటితో చాలింతుము. సంచిలో చింతగింజలు తెచ్చినాము. సర్పంచిగారు అనుమతించినచో అందరము లేచి ఈ పలకచుట్టు నిలుచుందము. లెక్క ఇది: 0.9 ఎకరము చెరువుమెట్టలో మొక్కలు నాటుటకు 0.15 ఎకరము చొప్పున స్వయంసహాయక సంఘములకు ఇచ్చినచో ఎన్ని సంఘములకు వచ్చును? గింజలు పరచక ముందు, జవాబు ఒకటి కంటె పెద్దదో చిన్నదో ఎవరైన చెప్పుడు. వార్డు సభ్యురాలు చేయి యెత్తుచున్నారు. ముందుగా ఆమెను రానిత్తము.